రోజూ కొంచెం ముందుకి

సర్జన్ డాక్టరమ్మ గదిలో కుర్చీలు ఖాళీగానే ఉన్నా అతను కూర్చోలేదు. కాసేపు గోడకి ఆనుకున్నాడు. కిటికీ దగ్గరికెళ్లాడు. అక్కణ్ణించి తలుపు దగ్గరికొచ్చి గొళ్లెం పైకీ కిందికీ ఆడించి చూశాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. చేతికి పని లేకపోతే ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది అతనికి.

"ఏవండీ, ఆ తలుపు బానే ఉంది. వచ్చి కూర్చోండి," అంది భార్య. ఆమె స్కూలు వ్యాన్ నడుపుతుంది. వ్యాన్ నిండా పిల్లలు గోల చేస్తున్నా తొణక్కుండా మలుపు తిప్పే మనిషి. అలాంటిది ఇవాళ ఆమె కూడా చేతిసంచీ పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం.

తొమ్మిదేళ్ల కూతుర్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ పుర్రె ఉంటే దాని దవడ తెరుస్తూ మూస్తూ ఆడుకుంటోంది. పిల్లవి గుంటల్లో ఇమడక ముందుకి పొడుచుకొచ్చిన కళ్లు, ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కినట్టున్న ముఖం మధ్యభాగం, పై పళ్లని దాటి బయటికొచ్చిన కింది పళ్లు. తండ్రిదీ అదే ముఖం. అచ్చు గుద్దినట్టు.

చిన్నప్పుడు బళ్లో అతన్ని గుడ్లగూబ అనేవాళ్లు. పనిలో చేరాక హెడ్‌లైట్లు అన్నారు. లిఫ్టు గుంటలో బల్బు పోతే, "నువ్వుండగా టార్చి ఎందుకురా!" అనేవాళ్లు. వాళ్లకంటే ముందు తనే నవ్వడం నేర్చుకున్నాడు. చూసేవాళ్లు ఉండరనే ఆ చీకటి గుంటల పని అతనికి నచ్చింది. పిట్ట పుట్టి, నర్సు గుడ్డలో చుట్టి చేతికిచ్చినప్పుడు ముందు గుండె జారిపోయింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటి జరిగింది. ఈ ప్రపంచంలో తనలా ఉన్న మనిషి ఇంకొకరు ఉన్నారనిపించి ఒళ్లు తేలికైంది.

ఏడాది నిండకుండానే పిల్ల పుర్రె అతుకులు ముందే మూసుకుపోయాయని, మెదడు పెరగడానికి చోటు చాలదని, ఇదే డాక్టరమ్మ తల ఎముక తీసి సరిచేసింది. అప్పుడతను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ మచ్చ జుట్టు కింద దాక్కుంది. ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఇప్పుడు మాట ముఖం గురించే.

"నిద్రలో పిల్లకి ఊపిరి ఆగుతోంది," అంది డాక్టరమ్మ, లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుంటూ. నడివయసు మనిషి, గొంతు పెంచదు, తొందరపడదు. "ముఖం మధ్య ఎముకలు ఎదగలేదు కాబట్టి వెనకాల గాలి వెళ్లే దారి ఇరుకు. కళ్లకి కూడా గూడు చాలట్లేదు. రెప్పలు పూర్తిగా మూతపడక ఎడమ కంటి గుడ్డు మీద ఇప్పటికే ఒకసారి పుండు పడి మానింది. ఇంకోసారి మానకపోవచ్చు."

"ఏం చేస్తారు?" అడిగింది పిట్ట, పుర్రె వదలకుండానే.

డాక్టరమ్మ ఆ పుర్రెనే తన వైపు తిప్పుకుని, కళ్ల కింద వేలితో గీత గీసింది. "ఇక్కడ ఎముకని విడదీస్తాను. ఒకేసారి లాగితే చర్మం, కండ, నరాలు ఒప్పుకోవు. అందుకని నీ తల చుట్టూ ఒక ఫ్రేము బిగించి, దానికి ముఖం ఎముకని తీగలతో కట్టి, రోజూ కొంచెం ముందుకి తెస్తాం. ఖాళీ అయిన చోట నీ ఒళ్లే కొత్త ఎముక పోసుకుంటుంది."

"రోజూ మీరు వస్తారా మా ఇంటికి?"

"రాను. చిన్న తాళంచెవి ఇస్తాను. మీ అమ్మా నాన్నా తిప్పుతారు."

తండ్రి కిటికీ దగ్గర్నించి తిరిగాడు. "ముఖం మారిపోతుందా?"

"మారుతుంది."

"ఎంత?"

"చూసినవాళ్లకి తెలిసేంత." రక్తం పోతుందనీ, చీము పట్టే ప్రమాదం ఉందనీ, ఎంత జాగ్రత్తపడినా కంటికీ మెదడు పొరకీ దగ్గర్లో చేసే పని అనీ ఆవిడ ఏదీ దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అతని ముఖంలోకే చూస్తూ, "మీకు పగటిపూట కునుకు ముంచుకొస్తుంటుందా? పొద్దున లేవగానే తల బరువుగా ఉంటుందా?" అంది.

"నాకేం లేదండీ. బండలా ఉన్నాను."

"బస్సులో నిలబడే నిద్రపోతారు," అంది భార్య మెల్లగా.

అతను వినబడనట్టు బయటికెళ్లిపోయాడు. భార్య లేచి వెనకే వెళ్లింది.

"ఏం తక్కువైందని పిల్లకి?" అన్నాడు వరండాలో, ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ.

"ఊపిరి తక్కువైంది."

"నేను బతకలేదూ?"

"బతికారు. పక్కన పడుకుని, ఆగిన ఊపిరి మళ్లీ ఎప్పుడొస్తుందా అని నేను చెవులప్పగించి వింటుంటే బతికారు. మీకేం తెలుసు, గురక మీది, మేలుకోవడం నాది. ఇప్పుడు రెండు పక్కలా వినాల్సొస్తోంది. నాకున్నవి రెండు చెవులే."

అతను ఆగాడు. గోడ మీద పెచ్చు ఊడిన చోట గోటితో గీకాడు. "ఆపరేషనయ్యాక ఇంక నా పోలిక ఒక్కటీ మిగలదు దానికి," అన్నాడు.

గది తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల పిట్ట పుర్రె దవడ ఆడించడం మానేసింది. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

అతను ఒప్పుకోవడానికి చాన్నాళ్లు పట్టింది. ఆ రోజుల్లో ఇంట్లో గోడకి సరిగా ఉన్న మేకులు కూడా పీకి మళ్లీ కొట్టాడు. ఫ్యాను ఊడదీసి బిగించాడు. చివరికి ఒక సెలవురోజు మధ్యాహ్నం పిట్ట చాప మీద పడి నిద్రపోతుంటే పక్కన కూర్చున్నాడు. రాత్రుళ్లు తనకి మొద్దునిద్ర, అందుకే ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ముందు గురక. తర్వాత గురక ఆగింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. గాలి మాత్రం లేదు. పెదాల రంగు మారుతోంది. రెప్పల సందులోంచి తెల్లగుడ్డు తండ్రి వైపే చూస్తున్నట్టుంది. అతను గబుక్కున భుజం పట్టి కుదిపాడు.

"ఏంటి నాన్నా!" అని విసుక్కుని, గాలి గుటకేసి, అటు తిరిగి పడుకుంది పిట్ట.

భార్య వీధిలో వ్యాన్ కడుగుతోంది. అతను చెప్పుల్లేకుండా బయటికొచ్చి, "డాక్టరమ్మని ఎప్పుడు చేస్తుందో అడుగు," అన్నాడు. ఆమె పైపు కింద పడేసింది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

ఆపరేషన్ రోజు బావమరిది కూడా వచ్చాడు. హోటల్లో వంటమాస్టరు, నోరు ఊరుకోదు. పొద్దున్నే పిట్టని లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకున్న దగ్గర్నించి అతను నడుస్తూనే ఉన్నాడు.

"బావా, కూర్చో. ఆస్పత్రి వాళ్లు నేల అరిగిందని మన దగ్గర వసూలు చేస్తారు."

"నీకేంరా, మేనమామవి. కూర్చుంటావు."

"మేనమామకి గుండె ఉండదా? నాది కూర్చుని కొట్టుకుంటుంది, నీది నడుస్తూ కొట్టుకుంటుంది. అంతే తేడా."

ఆ ఆస్పత్రి లిఫ్టు ప్రతి అంతస్తులోనూ నేలకి వేలెడు పైన ఆగుతోంది. ఆగేటప్పుడు కిర్రుమంటోంది. అది వింటుంటే అతనికి పళ్లు జివ్వుమంటున్నాయి. ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. తలుపు సందులో చెవి పెట్టి వింటుంటే కాపలా మనిషి వచ్చి, "ఏమయ్యా, ఏం పని నీకిక్కడ?" అని కసిరాడు. "బ్రేకు సర్దుకోవాలి దీనికి," అన్నాడు అతను. "ముందు నువ్వు సర్దుకో," అన్నాడు కాపలా మనిషి. ఆ మాటకి ఇంకోరోజైతే నవ్వేవాడే.

భార్య మాత్రం ఒక్క చోటే కూర్చుంది. కళ్లు రోడ్డు మీద పెట్టినట్టు ఆ మూసిన తలుపు మీదే పెట్టింది.

పొద్దు వాలాక డాక్టరమ్మ బయటికొచ్చింది. టోపీ ఒత్తుకున్న గీత ఇంకా నుదుటి మీద ఉంది. "బాగానే జరిగింది. అనుకున్నదానికన్నా రక్తం ఎక్కువ పోయింది, ఎక్కించాం. ఇప్పుడు నిలకడగా ఉంది. మొదటిసారి చూసినప్పుడు భయపడతారు, ముందే చెప్తున్నాను."

ముందే చెప్పినా లాభం లేకపోయింది. మంచం మీద ఉన్న పిల్ల ముఖం ఉబ్బి గుమ్మడికాయలా ఉంది. కళ్లున్న చోట రెండు గీతలు. చెవుల మీదుగా తల చుట్టూ లోహపు వలయం, దాని ముందు నుదుటి నుంచి పెదాల దాకా నిలువుగా దిగిన కడ్డీ, ఆ కడ్డీకి బిగించిన తీగలు. నోట్లో గొట్టం. బావమరిది గోడ వైపు తిరిగాడు. తల్లి వంగి, ఉబ్బని చోటు వెతుక్కుని, మోచేతి మీద ముద్దు పెట్టింది. తండ్రి కళ్లు మాత్రం వాటంతటవే తీగలు బిగించిన మరల మీదికి వెళ్లాయి. ఏది దేన్ని లాగుతోందో ఒక్క చూపులో అర్థమైంది.

ఇంటికెళ్లే ముందు నర్సు తాళంచెవి చేతికిచ్చి నేర్పింది. అగ్గిపుల్లంత పొడవు. "బాణం గుర్తు ఎటుంటే అటే తిప్పాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇటూ అటూ రెండు మరలూ సమానంగా." అతను అక్కడ చక్కగా తిప్పి చూపించాడు. నర్సు మెచ్చుకుంది కూడా. ఇంటికొచ్చాక, పిట్ట కుర్చీలో కూర్చుని ముఖం పైకెత్తగానే వేళ్లు మొద్దుబారిపోయాయి. గుప్పెడంత బోల్టుల్ని ఇట్టే విప్పే చెయ్యి, పప్పుబద్దంత మర దగ్గర ఆగిపోయింది.

వంతులు వేసుకున్నారు. పొద్దున వ్యాన్ తీసేముందు తల్లి. సాయంత్రం తండ్రి. తల్లి చేస్తే చిటికెలో అయిపోయేది. "గేరు మార్చినట్టు మారుస్తావే అమ్మా," అనేది పిట్ట. తండ్రి వంతు వచ్చేసరికి ముందు చేతులు కడుక్కోవడం, తుడుచుకోవడం, దీపం సరిచేయడం, మళ్లీ కడుక్కోవడం.

ఆ రోజులు ఎవరికీ కుదురు లేదు. పిట్ట పక్కకి తిరిగి పడుకోలేదు, వలయం కింద దురద పెడితే గోకలేదు. వలయం మేకులు తలలోకి దిగిన చోట రోజూ ఉప్పునీళ్లతో తుడవాలి. నమలకూడదు కాబట్టి అన్నీ మిక్సీలో తిప్పినవే. మేనమామ హోటల్ నుంచి సీసాల్లో ఏవేవో పోసుకొచ్చి, "రంగు చూసి పేరు చెప్పు," అనేవాడు. "బురద," అనేది పిట్ట. "దీనికి నాలుక కాదు, కత్తెర," అని మురిసిపోయేవాడు.

వాపు దిగేకొద్దీ లోపలి ముఖం బయటపడింది. ఒక సాయంత్రం తాళంచెవి తీసుకుని దగ్గరికొచ్చిన తండ్రికి కూతురి కళ్ల కింద ఎముక కనిపించింది. ఇంతకుముందు లేని ఎముక. అక్కణ్ణించి ముక్కు దాకా ఒక కొత్త వాలు. ఎవరిదో పిల్ల ముఖం, లోపల్నించి నెట్టుకుంటూ వస్తున్నట్టుంది. తనే తిప్పుతున్నాడు దాన్ని ఇవతలికి. తిప్పిన ప్రతిసారీ తన పోలిక ఇంత దూరం జరుగుతోంది. ఆ పూట మర తిప్పి, కారణం లేకుండా వీధిలోకెళ్లి చుట్టూ తిరిగొచ్చాడు. ఇంటికొచ్చేసరికి పిట్ట అద్దం ముందుంది.

మర్నాడు సాయంత్రం పిట్ట గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. తల్లి వ్యాన్ టైరులో గాలి దిగిపోయి దారిలో ఉండిపోయింది. ఇంట్లో తండ్రి ఒక్కడే.

"ఇవాళ వద్దు," అంది లోపల్నించి.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి?"

తలుపు తట్టాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఆ తలుపు బందులు ఊడదీయడం అతనికి ఎంతసేపు పని? మొదటి మరలో పెట్టి, మళ్లీ తీసేసి జేబులో వేసుకున్నాడు. నర్సుకి ఫోన్ చేశాడు. "ఒక పూటకి కొంప మునగదు," అంది ఆమె. "కానీ రేపూ ఎల్లుండీ అంటే మాత్రం ఊరుకోకండి. ఆపేస్తే ఎముక ఉన్నచోటే అతుక్కుపోతుంది. మళ్లీ మొదటికొస్తుంది."

తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లోపల్నించి గొంతు వినిపించింది, చాలా దగ్గర్నించి. అదీ అవతల తలుపుకే ఆనుకుని కూర్చున్నట్టుంది.

"నీ పోలిక ఒక్కటీ మిగలదన్నావుగా."

అతను తలుపు వైపు తిరిగాడు. "ఎప్పుడన్నాను?"

"ఆస్పత్రిలో. అమ్మతో. ఇంకా తిప్పితే నువ్వొక్కడివే అయిపోతావు నాన్నా."

అతను లేచాడు. వంటింటి దాకా నడిచాడు. గ్లాసు తీశాడు, నీళ్లు పట్టలేదు, అక్కడే పెట్టేశాడు. వెనక్కొచ్చి మళ్లీ అదే చోట కూర్చున్నాడు.

"పిట్టా, ఒక సంగతి చెప్తాను. అమ్మకి కూడా చెప్పలేదు. మొన్న ఎండాకాలం ఒక పెద్ద భవనంలో లిఫ్టు పెట్టె మీదికెక్కి పని చేస్తున్నాను. బోల్టు బిగిస్తూ బిగిస్తూ నిద్రపోయాను."

"పెట్టె మీదా?"

"పెట్టె మీదే. తల పక్కకి వాలింది. లిఫ్టు పైకెళ్తే పక్కనే పెద్ద ఇనప దిమ్మ కిందికి దిగుతుంది. తోటివాడు చొక్కా పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది."

"ఎందుకు నిద్రొచ్చింది?"

"రాత్రుళ్లు నాక్కూడా ఊపిరి ఆగుతుంది. నీలాగే. నిద్రపోయినట్టే ఉంటుంది, నిద్ర ఉండదు."

"డాక్టరమ్మ అడిగితే లేదన్నావు!"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

అతను నేల మీద వేలితో గీతలు గీశాడు. "ఇన్నేళ్లూ అందరూ నవ్వుతున్నా, నా ముఖానికేం, బానే ఉంది అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజమే అనుకో. కానీ లోపల గాలి దారి ఇరుకు, అదీ నిజమే. నాకు నీ ముఖం ఇష్టం. నువ్వు పుట్టినప్పుడు... సరేలే. నేనొక్కణ్ణే అయిపోతే అయిపోతాను. నువ్వు పెట్టె మీద నిద్రపోకూడదు."

"నేను లిఫ్టు పని చెయ్యనుగా."

"అమ్మలాగా వ్యాన్ నడుపుతావేమో. అదింకా ప్రమాదం."

"నువ్వు కూడా చేయించుకుంటావా?" అంది.

"ఫ్రేము సంగతి తెలీదు. డాక్టరమ్మని అడుగుతాను. నిద్ర పరీక్ష మాత్రం చేయించుకుంటాను."

"నా మీద ఒట్టెయ్యి."

"నీ మీద వెయ్యను. నా పనిముట్ల పెట్టె మీద ఒట్టు."

పిట్టకి ఆ పెట్టెని ముట్టుకుంటేనే తండ్రి ఎలా ఉరుముతాడో తెలుసు. గడియ తీసింది.

అతను చేతులు కడుక్కున్నాడు. ఈసారి ఒక్కసారే. తాళంచెవి మరలో పెట్టగానే పిట్ట కడ్డీ వెనక నుంచి కళ్లు పైకి తిప్పి, "అటు కాదు నాన్నా, బాణం ఇటుంది," అంది. నిజమే. ఇటే ఉంది.

లిఫ్టు పెట్టె సంగతి విన్న భార్య ఆ సాయంత్రం ఒక్క మాట మాట్లాడలేదు. గిన్నెలు మాట్లాడాయి. తెల్లారాక మాత్రం, "పెట్టె మీద నిద్రపోయిన మహానుభావుడు గారూ, ఆస్పత్రికి బయల్దేరతారా, నేను మోసుకెళ్లాలా?" అంది.

పరీక్షలో డాక్టరమ్మ అనుమానించిందే తేలింది. ఆవిడ దెప్పలేదు. అతని వయసులో కూడా ఎముక జరపొచ్చని చెప్పింది, కానీ పట్టుబట్టలేదు. ముందు నిద్రలో గాలి ఊదే యంత్రం, ముక్కుకి పెట్టుకునే మాస్కు ఇచ్చింది. మొదట్లో అతను విసుగొచ్చి మాస్కు పీకేసేవాడు. "నేను పీక్కుంటున్నానా?" అని పిట్ట ఫ్రేము చూపించేసరికి నోరు మూసుకుని పెట్టుకునేవాడు. అది ఫ్రేముతో, ఇతను గొట్టం మాస్కుతో పక్కపక్కన కూర్చుంటే చూసి, "అక్కా, నీ ఇంట్లో ఇద్దరు వ్యోమగాములే, ఇంక వ్యాన్ ఎందుకు, రాకెట్ తోలు," అన్నాడు బావమరిది.

తిప్పడం అయిపోయాక కూడా కొత్త ఎముక గట్టిపడేదాకా ఫ్రేము ఉంచారు. అది అన్నిటికన్నా కష్టమైన కాలం, ఎందుకంటే చెయ్యడానికి ఏమీ లేదు. ఆ తర్వాత ఒకరోజు మత్తిచ్చి తీసేశారు. కణతల దగ్గర చిన్న చిన్న గుంటలు మిగిలాయి. కళ్లు గూళ్లలో కూర్చున్నాయి. నిద్రలో రెప్పలు మూతపడుతున్నాయి. ముక్కుతో గాలి పీల్చడం పిట్టకి కొత్త, కాబట్టి ప్రతిదీ వాసన చూడటం మొదలుపెట్టింది. తండ్రి చొక్కా వాసన చూసి, "ఛీ, గ్రీజు," అంది. అన్నీ సర్దుకోలేదు. పై పళ్లూ కింది పళ్లూ ఇంకా కలవట్లేదు, వాటికి తీగలు కట్టాలి. ఎదిగాక ఇంకో ఆపరేషన్ పడొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని అక్షరాలు పెదాల దగ్గర జారిపోతున్నాయి. కొన్ని పొద్దుల్లో ఊరికే ఏడుస్తుంది. ఎందుకని అడిగితే తెలీదంటుంది.

మళ్లీ బడికి వెళ్లిన మొదటి వారంలో ఒకరోజు అతను పని తొందరగా ముగించుకుని, తీసుకురావడానికి తనే వెళ్లాడు. గంట కొట్టారు. పిల్లలు గేట్లోంచి ఒక్కసారిగా బయటపడ్డారు. అతను మునివేళ్ల మీద లేచి, ఒక్కో ముఖాన్నీ దాటుకుంటూ వెతికాడు. గుంపు పలచబడింది. కంగారు పుట్టింది. గేటు దాకా వెళ్లి లోపలికి తొంగిచూశాడు.

ఎవరో చొక్కా పట్టి లాగారు.

"ఇందాకట్నించీ ఇక్కడే ఉన్నాను. నా మీదుగానే చూశావు," అంది పిట్ట.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "చూశాను. గుర్తుపట్టలేదు," అన్నాడు.

పిట్ట తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు.

"నేను కూడా ఒక్కోసారి పొద్దున్నే అద్దంలో నన్ను గుర్తుపట్టను," అంది. సంచీ తీసి అతని భుజానికి తగిలించింది. "పద."

దారి పొడుగునా పక్క బెంచీ పిల్లతో పడిన తగువు చెబుతూనే ఉంది. మొదట తప్పెవరిది, తర్వాత ఎవరేమన్నారు, టీచరు ఎవరి పక్షం. అతను వింటూ ఊకొడుతూ, తనకి తెలియకుండానే అడుగులు పెద్దవి చేస్తున్నాడు.

"మెల్లగా నడు నాన్నా," అంది వెనక నుంచి, "అసలు సంగతి ఇంకా చెప్పలేదు."

అతను ఆగి వెనక్కి తిరిగాడు.